ఆరుసార్లు ఓదెలు

తెరమీద మొగిలి పేరు మాయమైంది.

మసకబారలేదు, వణకలేదు. ఒక నిమిషం ఉంది, మరుసటి నిమిషం లేదు. నిన్న సాయంత్రం యంత్రాన్ని ఆన్ చేసినప్పుడు అక్కడ ఏడు పేర్లున్నాయి. ఇప్పుడు మూడు. వేగంగా కొట్టుకునే గుండె పైన, నిదానంగా కొట్టుకునే గుండె కింద, వరస తప్పకుండా.

"సార్, ఇంకొకరు పోయారు" అంది స్వరూప.

డాక్టర్ భావనారాయణ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఎవరమ్మాయ్?"

"మొగిలి. అందరిలోకీ చిన్నవాడు."

"సెన్సర్లు చూశావా?"

"మూడూ బాగున్నాయి."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని తెరవైపు వంగాడు.

టెంటు బయట నల్లబండ బొగ్గుగని. నిన్న మొదటి షిఫ్టులో, భూమికి బాగా లోతున, ఒక గ్యాలరీ కప్పు కూలింది. కూలిన బండలకి అవతల ఏడుగురు చిక్కుకున్నారు. ఇవతల బొగ్గు తనంతట తానే రాజుకుంది. వాళ్ళలోనే ఒకడు సర్దారు ఓదెలు, ఆ గ్యాంగుకి పెద్ద. స్వరూపకి సొంత అన్న.

వాళ్ళు బతికున్నారో లేదో చెప్పగలిగేది ఒక్కటే. భావనారాయణ తన ఉద్యోగ జీవితమంతా పెట్టి తయారుచేసిన యంత్రం, 'ఆలకి'.

గుండె కొట్టుకున్న ప్రతిసారీ దాని చుట్టూ పిసరంత అయస్కాంతం పుట్టి మాయమవుతుంది. భూమి అయస్కాంతం ముందు అది తుపానులో దోమరెక్క విసురు లాంటిది. ఆ విసురునే ఆలకి పట్టుకుంటుంది. గాజుగోళీలో బంధించిన లోహపు ఆవిరి, మూడు బోర్లలో మూడు గోళీలు. మట్టి, రాయి, బొగ్గు, నీళ్ళు, అన్నిటినీ దాటి వచ్చిన ఆ చప్పుడు వింటే మొదటిసారి ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. స్వరూపకి ఎన్నోసారైనా జలదరిస్తుంది.

చప్పుడు పట్టడం భావనారాయణ పని. పట్టినదాన్ని మనుషులుగా విడదీసి వరసలో నిలబెట్టడం స్వరూప పని.

ఆమె ప్రోగ్రాములో ప్రతి గుండె ఒక ఆబ్జెక్టు. తన వేగం, తన తీరు దానికి తెలుసు. ఎదుటి గుండెతో తనను తానే పోల్చుకోగలదు. నిమిషానికోసారి ఆలకి గుండెలు దాచుకునే తన సంచీ ఖాళీ చేసి, కొత్తగా వినపడ్డ గుండెలన్నిటినీ అందులో మళ్ళీ వరసగా పేరుస్తుంది. తర్వాత ఒక్కోదాన్నీ గని ఆసుపత్రిలోని పాత గుండె రికార్డులతో సరిచూసి పేరు పెడుతుంది.

ఇదంతా పోయిన ఏడాది ఓదెలుకి అన్నం తింటూ చెప్పింది. ఆలకి మొదటిసారి విన్న గనికార్మికుడి గుండె అతనిదే. హైదరాబాదులో ల్యాబు బల్లమీద చొక్కా విప్పి పడుకుని, "నా గుండెల ఏం కనబడ్డా మీ వదినెకు చెప్పకు చెల్లె" అని అందరినీ నవ్వించాడు. ఆ వారమే స్వరూప వాళ్ళ క్వార్టరుకి వెళ్ళింది. వదిన రజిత చేపల పులుసు వడ్డిస్తోంది.

"ఆ సంచిల ఒక చెట్టున్నదనుకో అన్నా" అంది స్వరూప. "కొత్తగ వచ్చినోడు మొదట్ల నిలబడ్డోన్ని అడుగుతడు, నేను నీకంటె చిన్ననా, పెద్దనా అని. చిన్నయితే ఎడమ కొమ్మకు, పెద్దయితే కుడి కొమ్మకు. అక్కడున్నోన్ని మళ్ళ అడుగుతడు. అట్ల పోయి పోయి కాళీ దొరికిన కాడ కూసుంటడు. లచ్చమంది వచ్చినా వరస చెడది. ఎవన్నన్న ఎతకాల్నంటే నాలుగు మెట్లు దిగితె చాలు."

"మరి ఇద్దరు సమానముంటే?"

"సమానమంటే వాడే వీడు. లోపల ఇంతకుముందే ఉన్నవు పో అని తిప్పి పంపిస్తది. ఒక్క మనిషిని రెండుసార్లు లెక్కపెట్టద్దు గద."

"వేరే వేరే మనుషులై, సమానముంటే?"

"ఉండరన్నా. కవల పిల్లల మీద గూడ చూసినం. ఏ రెండు గుండెలు ఒక్క తీరుగ ఉండయి."

ఓదెలు రజిత వైపు తిరిగాడు. "ఇన్నవా? నీది నాది ఒక్కటే గుండె అని పెండ్లినాడు అందరు చెప్పింది అబద్ధమంట. సైన్సే చెప్తున్నది."

"ఒక్కటే అయితే నీ బీడీలకు నాక్కూడ దగ్గొచ్చేది. మంచిగయింది" అంది రజిత, అతని పళ్ళెంలో ఇంకో చేపముక్క వేస్తూ.

*

మూడు పేర్లు రెండయ్యాయి. రెండు ఒకటయ్యింది.

మిగిలిన పేరు ఓదెలు.

స్వరూప కుర్చీలోంచి లేచింది. ఏడుపు వస్తోందో ఊపిరి వస్తోందో ఆమెకే తెలియలేదు. అన్న ఉన్నాడు. అన్న ఒక్కడే ఉన్నాడు.

ఆలకి తెరమీద ఏ పేరు పోతే ఆ పేరు గని సంక్షేమాధికారి బయట చెబుతూ వచ్చాడు. దాచకూడదని కార్మికులే పట్టుబట్టారు. షామియానా కింద ఆరు కుటుంబాలు కూర్చున్నాయి, మొగిలికి మాత్రం ఎవరూ లేరు. ఇప్పుడు ఆ ఆరింటిలో ఐదు ఏడుస్తున్నాయి. రజిత ఏడవడానికీ లేదు, ఏడవకుండా ఉండడానికీ లేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

పక్కనే సాంబయ్య భార్య కనకమ్మ. పదిహేనేళ్ళుగా ఇద్దరివీ ఒకే గోడకి అటూ ఇటూ ఉన్న క్వార్టర్లు. కనకమ్మ తన చాప తీసుకుని దూరంగా జరిగింది.

"నీ ఆడిబిడ్డ మిషిని నీ మొగన్నే బతికిచ్చిందాయె" అంది. "మావోళ్ళవి గుండెలు కాకపాయె."

"గట్ల అనకు కనకక్కా."

"ఎట్ల అనాల్నో నువ్వే చెప్పు."

రజిత లేచి టెంటు వైపు నడిచింది.

టెంటులో రెస్క్యూ సూపరింటెండెంట్ యాకూబ్ నిలబడి ఉన్నాడు. బొగ్గుగనుల్లోనే జుట్టు నెరిసిన మనిషి. ఓదెలుతో కలిసి ఒకప్పుడు గిర్డర్లు మోశాడు. చేతిలో గ్యాసు మీటరు.

"బిడ్డా, నేను చెప్పేది జర నిమ్మలంగ ఇను" అన్నాడు స్వరూపతో. "లోపల గ్యాసు పెరుగుతున్నది. పాత గాలి దారిల నుంచి పోతె మావోళ్ళు అటుదిక్కు చేరచ్చు. కానీ పన్నెండు మంది పోవాలె. పోయినోళ్ళు వస్తరని నేను చెప్పలేను. ఏడుగురున్నరంటె పంపిస్తుంటి. నలుగురున్నరన్న పంపిస్తుంటి."

"ఒక్కడైతే పంపరా?"

యాకూబ్ తల దించుకున్నాడు. "గోడ కట్టి సీలు చెయ్యాలె. లేకుంటే ఈ బొగ్గుబాయి మొత్తం పేలి లేస్తది. ఒక్కని కోసం పన్నెండు మందిని పంపితె ఓదెలే నన్ను తంతడు. నీకు తెల్వదా వాడు?"

"అంటే... బతికున్నోన్ని లోపల పెట్టి గోడ కడ్తరా?"

"ఇసుక బస్తాలు దింపుతున్నరు. గంట, గంటన్నర. అంతకంటె నా చేతుల లేదు బిడ్డా."

"గొట్టం వేసి కాస్త గాలి పంపలేమా?" అన్నాడు భావనారాయణ.

"గాలి పోతె మంటకు పోతది సార్. వాళ్ళకు గాదు."

రజిత గుమ్మం దగ్గరే నిలబడి అంతా వింది. అరవలేదు. మెల్లగా వచ్చి తెర ముందు కూర్చుని, ఓదెలు అన్న పేరు పక్కన లేచి పడుతున్న గీతను చూసింది. లేస్తోంది, పడుతోంది. కొండంత బండల కింద నుంచి.

"ఇదేనా?" అని అడిగింది.

"ఇదే వదినె."

"మస్తు నిమ్మలంగ కొట్టుకుంటున్నది. భయపడ్డోని తీరు లేదు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "దమ్ము పడుతున్నడేమొ. గాలి కర్సు గాకుంట."

స్వరూప ఉలిక్కిపడింది. "ఏమన్నవ్?"

"అదే, గిర్డర్ ఎత్తేటప్పుడు చేస్తరు సూడు. దమ్ము గ్యాంగని అందరు ఎక్కిరిస్తరు గద వీళ్ళని. నువ్వు చూడలేదా?"

చూసింది. చాలాసార్లు చూసింది. ఇనుప గిర్డరు కప్పు కింద నిలబెట్టాలంటే ఏడుగురూ ఒక్క ఊపిరిలో ఎత్తాలి. ఒకడు ముందు ఊపిరి వదిలితే బరువు పక్కవాడి నడుము మీద పడుతుంది. అందుకే ఓదెలు తన గ్యాంగుకి ఒక పద్ధతి నేర్పాడు. ప్రతివాడి చెయ్యి పక్కవాడి వీపు మీద. 'దమ్ము' అనగానే ఏడుగురూ పీల్చాలి. 'ఇడువు' అనగానే ఏడుగురూ వదలాలి. ఏళ్ళ తరబడి, రోజూ.

ఏడుగురూ.

స్వరూప కీబోర్డు దగ్గరికి లాక్కుంది. "సార్, మొగిలి గీత వెనక్కి తిప్పండి. పోయేముందు ఎలా ఉందో చూడాలి."

భావనారాయణ తిప్పాడు. ఇద్దరూ తెరమీదికి వంగారు. మొగిలి గుండె నిన్న సాయంత్రం పరుగులు తీసింది. తెల్లారేసరికి తగ్గింది. ఆ తర్వాత కొండ దిగే దారిలా నిదానంగా, నున్నగా దిగుతూ వచ్చింది. చివరి చప్పుడు నిండుగా, ఆరోగ్యంగా ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు.

"చచ్చిపోయే గుండె ఇలా చావదు" అన్నాడు భావనారాయణ, తనలో తను అనుకుంటున్నట్టు. "తడబడుతుంది. పెనుగులాడుతుంది. ఇది... నడుచుకుంటూ వెళ్ళి ఏదో గదిలోకి దూరినట్టుంది."

"సాంబయ్యది తిప్పండి."

అదే కొండ. అదే నున్నటి దారి. మిగతా నలుగురివీ అంతే. ఆరు దారులూ దిగి దిగి ఒక్కచోటికే చేరాయి. అక్కడ ఓదెలు గీత ఉంది.

స్వరూప వేలు ఓదెలు గీత మీద ఆగింది.

"వాళ్ళు పోలేదు సార్" అంది స్వరూప. "నేనే వెళ్ళగొట్టాను. నా చెట్టే. లోపల ఓదెలు ఉన్నాడు. మొగిలి వచ్చి, నేను నీకంటే చిన్ననా పెద్దనా అని అడిగాడు. చిన్నా కాదు, పెద్దా కాదు. ఇంతకుముందే లోపల ఉన్నావు పో అని పంపించేసింది. ఒక్కొక్కరినీ అలాగే."

"అసంభవం. వేగం ఒకటే అవ్వచ్చు. తీరు? ప్రతి మనిషి గుండె కండరానికీ ఒక సొంత..." ఆయన చెయ్యి గాల్లోనే ఉంది. ఆలకి మొదటి చప్పుడు విన్న రోజు కూడా ఆయన మొహం ఇలా లేదు. "ఇంతసేపు చీకట్లో, ఒకళ్ళ ఊపిరి ఒకళ్ళు పీలుస్తూ... స్వరూపా, ఇలాంటిది జరుగుతుందని ఏ పుస్తకంలోనూ లేదు. జరగదనే అందరం పాఠాలు చెప్పుకుంటున్నాం."

యాకూబ్ మాత్రం గడియారం చూసుకున్నాడు. "నాకు పాఠం వద్దు సార్. లెక్క కావాలె. లోపల ఒక్కడా, ఏడుగురా?"

"చప్పుడు పెద్దగానే ఉంది" అన్నాడు భావనారాయణ. "కానీ ఒక్కడే సెన్సర్ దగ్గరికి జరిగినా ఇంతే పెద్దగా వినిపిస్తుంది."

"అయితె మాకు లెక్క లేనట్టే."

"ఉంది" అంది స్వరూప. "ఎక్కడున్నారో అడుగుదాం."

మూడు బోర్లు, మూడు సెన్సర్లు. ఒక చప్పుడు మూడింటికీ ఎంతెంత తేడాతో చేరిందో చూస్తే అది పుట్టిన చోటు తెలుస్తుంది. గుండెలు పోల్చుకునే నియమంలో ఆ చోటుని స్వరూప కావాలనే పెట్టలేదు. మనుషులు కదులుతారు. చెట్టులో ఒక కొమ్మమీద కూర్చున్నవాడి లెక్క తర్వాత మారిపోతే, చెట్టు వాణ్ణి వేరే కొమ్మల్లో వెతుకుతుంది. వాడు అక్కడే ఉంటాడు, ఎవరికీ దొరకడు. అందుకే ఆ నిమిషానికి కొలిచిపెట్టిన వేగానికి తోడు ఎన్నటికీ మారనిదాన్ని ఎంచుకుంది. గుండె తీరు మారదనుకుంది.

ఇప్పుడు కొత్త నియమం రాయాలి. వేగం పోల్చు. సమానమైతే తీరు పోల్చు. అదీ సమానమైతే తిప్పి పంపకు, నువ్వెక్కడున్నావని అడుగు.

రాయడానికి నాలుగు వాక్యాలు చాలు. ఆమె రెండుసార్లు తప్పు కొట్టి దిద్దుకుంది. బయట ఇసుక బస్తాల లారీ రివర్సు తీస్తున్న మోత వినపడుతోంది.

"అయ్యింది. నడిపిస్తున్నా."

సంచీ ఖాళీ అయింది. తెర తెల్లబడింది. ఆలకి వినడం మొదలుపెట్టింది.

ఓదెలు.

ఒక పేరే. రజిత చెయ్యి స్వరూప భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

దాని కింద ఇంకొకటి. ఓదెలు.

ఇంకొకటి. ఓదెలు. ఓదెలు. ఓదెలు.

పాత రికార్డులతో సరిచూసిన ప్రతిసారీ ఆలకికి ఒకే పేరు తోచింది. నేలకింద చీకట్లో ఓదెలు గుండె చాలా చోట్ల కొట్టుకుంటోంది. పక్కనున్న పటంలో చుక్కలు ఒక్కొక్కటే వెలిగాయి, భుజానికి భుజం ఆనించి కూర్చున్నట్టు, వరసగా. అన్నీ ఒక్కసారే పెద్దవయ్యాయి. అన్నీ ఒక్కసారే చిన్నవయ్యాయి.

భావనారాయణ రెండు చేతులూ బల్లకి ఆనించి నిలబడిపోయాడు. యాకూబ్ టోపీ తీశాడు.

"యా అల్లా" అన్నాడు నెమ్మదిగా. తర్వాత చూపుడువేలుతో తెరమీద లెక్కపెట్టాడు. ఇంకోసారి లెక్కపెట్టాడు. "ఆరు."

స్వరూప అప్పటికే లెక్కపెట్టింది.

"ఆరు చాలు. నేను పోతున్న" అన్నాడు యాకూబ్, గుమ్మం దాటుతూనే అరుస్తూ. "ఒరేయ్, బస్తాలు దింపుడు ఆపుండ్రి! ఆక్సిజన్ సెట్లు తేండ్రి! నేను గూడ వస్తున్న!"

*

టెంటులో ముగ్గురు మిగిలారు.

"ఏడుగురు గద పోయింది" అంది రజిత.

"అవును వదినె."

"ఎవరు లేరు?"

స్వరూప తెరవైపు చూసింది. ఆరుసార్లు అన్న పేరు. "తెల్వది. ఆరుగురికీ అన్న గుండే ఉన్నది. ఆ ఆరుగురిల అన్న ఉన్నడో లేడో ఆలకి చెప్పలేదు."

పది నిమిషాల కిందట ఈ భూమ్మీద ఓదెలు ఒక్కడే నిశ్చయంగా బతికి ఉన్నాడు. ఇప్పుడు ఆరుగురు బతికారు, ఆ నిశ్చయం పోయింది. స్వరూపే తన చేత్తో చెరిపేసింది.

భావనారాయణ పటం దగ్గరికి జరిగాడు. "తెలుసుకోవచ్చు. నిన్నటి నుంచి వచ్చిన చప్పుడంతా దాచే ఉంచాం. కొత్త నియమంతో వెనక్కి నడిపిస్తే, గుండెలు వేరువేరుగా ఉన్నప్పుడు ఎవరు ఎక్కడ కూర్చున్నారో బయటపడుతుంది. ఏడో చోటు ఎప్పుడు ఆగిందో కూడా. పావుగంట పని."

స్వరూప చేతులు అప్పటికే కీబోర్డు మీదికి వెళ్ళాయి. వెళ్ళకుండా ఎలా ఉంటాయి? చిన్నప్పుడు తనని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళిన అన్న. బాయిలో చేరి మొదటి జీతంతో తన ఇంజనీరింగు పరీక్షకి పుస్తకాలు కొన్న అన్న.

రజిత ఆ చేతుల మీద చెయ్యి పెట్టింది.

"వద్దు."

"వదినె, నాకు తెల్వాలె. నీకు తెల్వద్దా?"

"నాకూ తెల్వాలె." రజిత షామియానా వైపు చూసింది. "కానీ నిన్నటి సంది మీ మిషిని ఒక్కొక్కల పేరు చెప్పి ఒక్కొక్కల్ని చంపింది. బతికున్నోళ్ళకే ఏడ్చిండ్రు వాళ్ళు. ఇప్పుడు ఇంకొక పేరు జెప్పి ఒక్కదాన్ని లేపుతవా? వాళ్ళొచ్చేదాక అందరం కూసుంటం. అందరికీ ఆశ ఉంటది. పావుగంట ముందుగాల తెలిస్తె నాకేం ఒరుగుతది?"

స్వరూప చేతులు వెనక్కి తీసుకుంది.

రజిత బయటికి నడిచింది. ఆమె షామియానా కింద ఏం చెప్పిందో టెంటులోకి వినపడలేదు. ఒక్కసారిగా లేచిన గోల వినపడింది, తర్వాత దానికన్నా పెద్ద నిశ్శబ్దం. స్వరూప టెంటు తెర పక్కకి తొలగించి చూసింది. కనకమ్మ దూరంగా జరుపుకున్న చాపని మళ్ళీ ఈడ్చుకొచ్చి రజిత పక్కన పరుస్తోంది.

"ఎవ్వలు లేరో తెల్వదా?" అని అడుగుతోంది.

"తెల్వదక్కా."

"అయితె నాతోని కూసో" అంది కనకమ్మ, చెయ్యి పట్టి కూర్చోబెడుతూ. "అన్న మాటలు మనసుల పెట్టుకోకు. నా నోరు మంచిది గాదు, నీకు తెల్వదా పదిహేనేండ్ల సంది."

"గోడ అవతల నుంచి రోజు ఇంటనే ఉన్న" అంది రజిత. ఇద్దరూ నవ్వబోయి ఏడ్చారు.

లోపల భావనారాయణ చుక్కల్ని చూస్తూనే ఉన్నాడు. పెద్దవవుతున్నాయి, చిన్నవవుతున్నాయి. ఆరింటికీ నడుమ వెంట్రుకవాసి తేడా లేదు. "నేను గుండెని పంపు అనుకున్నాను" అన్నాడు. "నాలుగు గదులు, నాలుగు కవాటాలు. దాన్ని వినడానికే ఇన్నాళ్ళు పట్టింది నాకు. వింటున్నది ఏమిటో ఇవాళే తెలిసింది."

స్వరూప పటంలో ఎడమ చివర చూస్తోంది. చివరి చుక్కకి పక్కన, ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది.

*

పొద్దు వాలుతుండగా గని నోట్లోంచి మొదటి టోపీలైటు కనిపించింది.

సాంబయ్య. ఇద్దరు మోసుకొస్తున్నారు. కాలు నుజ్జయింది, కళ్ళు తెరిచే ఉన్నాడు. కనకమ్మ ఎలా లేచిందో ఎలా చేరిందో తెలియదు, అతని మసి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని తిట్లు లంకించుకుంది. తర్వాత ఇంకొకడు. ఇంకొకడు. ప్రతిసారీ షామియానా కింద ఒక కుటుంబం లేచి పరిగెత్తింది. ప్రతిసారీ రజిత కళ్ళు ఆ వచ్చినవాడి భుజాల వెడల్పు వెతికాయి.

ఐదుగురు వచ్చారు. ఆరోవాడు యాకూబ్ భుజం పట్టుకుని నడిచి వచ్చాడు. సన్నటి భుజాలు. మొగిలి.

అతని వెనక స్ట్రెచరు. దాని మీద నిండా కప్పిన దుప్పటి.

రజిత కేక వెయ్యలేదు. స్ట్రెచరు దగ్గరికి వెళ్ళి, దుప్పటి తియ్యకుండానే, పాదాల మీద చెయ్యి వేసి గుర్తుపట్టింది. స్వరూప పరుగెత్తుకొచ్చి ఆమెను పట్టుకుంది. ఎవరు ఎవరిని పట్టుకున్నారో చెప్పడం కష్టం. సాంబయ్యని వదిలి కనకమ్మ వచ్చి ఇద్దరినీ కలిపి చుట్టేసింది.

మొగిలి అక్కడే నిలబడ్డాడు. అమ్మా నాన్నా లేనివాడు, వాణ్ణి కావిలించుకోవడానికి ఎవరూ రాలేదు. డాక్టరు బెంచీ మీద కూర్చోబెట్టి ఆక్సిజన్ పెట్టబోతే పక్కకి నెట్టాడు.

"వదినె" అన్నాడు. "కప్పు కూలినప్పుడే అన్నకు ఛాతిల పక్కబొక్కలు ఇరిగినయ్. మాకు చెప్పలే. లైట్లు బందుపెట్టుమన్నడు. అందరిని వరసగ కూసోబెట్టి ఒకని చెయ్యి ఇంకొకని ఛాతి మీద పెట్టిచ్చిండు. దమ్ము... ఇడువు... దమ్ము... ఇడువు. గొంతు ఎండిపోయినంక మాట బందయింది. మాట లేకున్న నడిచింది. మాకు భయం గూడ పోయింది వదినె. నేనెవనో, పక్కోడెవడో తెల్వలే."

రజిత వింటోంది.

"నేను అన్న పక్కనే. నా చెయ్యి అన్న ఛాతి మీదనే ఉన్నది. యాకూబ్ సాబొచ్చి లైటేసి చూసినంక చెప్పిండు, ఎప్పుడో పోయిండని." వాడు తన అరచెయ్యి చూసుకున్నాడు. "నా చేతికి తెల్వలేదు వదినె. కొట్టుకుంటనే ఉన్నది. నా చేతికి కొట్టుకుంటనే ఉన్నది."

టెంటులో ఆలకి ఇంకా వింటోంది. ఒక సెన్సరుని భావనారాయణ బయటికి తీసి, వచ్చినవాళ్ళ దగ్గర పెట్టించాడు. శాస్త్రజ్ఞుడు ఇంకేం చేస్తాడు? స్వరూప కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వచ్చేసరికి తెరమీద పేర్లు మారుతున్నాయి. కనకమ్మ తిట్లు వింటున్నవాడి గుండె వేగం అందుకుంది, ఒక ఓదెలు సాంబయ్య అయ్యాడు. వరసలో పైకి జరిగాడు. కూతుర్ని ఎత్తుకున్నవాడు ఇంకో పేరయ్యాడు. ఎవరి మనుషులు వాళ్ళని ముట్టుకుంటుంటే ఎవరి గుండె వాళ్ళకి తిరిగి వస్తోంది. చెట్టు కొమ్మ కొమ్మగా మళ్ళీ నిండుతోంది.

ఐదుగురు తమ పేర్లలోకి వెళ్ళిపోయారు. అందరికన్నా కింద, అందరికన్నా నిదానంగా, ఒక్క ఓదెలు మిగిలాడు.

స్వరూప టెంటు తెర పక్కకి జరిపింది. బెంచీ మీద మొగిలి. రజిత వాడి పక్కన కూర్చుంది. ఏమీ అడగకుండా వాడి బొగ్గు పట్టిన చొక్కా మీద, ఛాతికి ఎడమవైపు, అరచెయ్యి ఆనించింది. కళ్ళు మూసుకుంది. వాడు కదలకుండా కూర్చున్నాడు. ఆమె పెదాలు కొద్దిగా కదులుతున్నాయి. పీల్చడం, వదలడం.

"రెండు నిమిషాల్లో మారుతుంది" అన్నాడు భావనారాయణ వెనకనుంచి, తెరమీద కళ్ళు తిప్పకుండా. "మూడు నిమిషాలేమో. ఒక మనిషి గుండె ఇంకో మనిషిలోంచి వెళ్ళిపోవడం... ఇంతవరకూ ఎవరూ చూడలేదు స్వరూపా. రికార్డు అవుతోందా?"

స్వరూప వంగి బల్లకింద సెన్సరు తీగ పట్టుకుని లాగేసింది. గీత ఆగింది. తెర మీద ఏ పేరూ లేదు.

ఆయన ఆమె వైపు తిరిగాడు. జీవితమంతా ఎదురుచూసిన మనిషి. ఆ తీగ ఆయన కాలి దగ్గరే పడి ఉంది, వంగితే అందుతుంది.

ఆయన వంగలేదు. కుర్చీ జరుపుకుని, బయట బెంచీ కనిపించేలా ఆమె పక్కన కూర్చున్నాడు.